కరోలిన్ రాణి రచ్చ: 1820 నాటి లండన్ వెక్కిరింపు బొమ్మలను ఎలా చదవాలి

1820లో లండన్‌లో ఒక మొగుడూ పెళ్లాల గొడవ పార్లమెంటుకెక్కింది. మొగుడు అప్పుడే రాజైన నాలుగో జార్జ్. పెళ్లాం జర్మనీ వైపు బ్రన్స్‌విక్ నుంచి వచ్చిన కరోలిన్. 1820, 1821లో వాళ్ల మీద వీధుల్లో అమ్మిన కార్టూన్లు, పాటల కాగితాలు, చిన్న పుస్తకాలు ఇవాళ వందల సంఖ్యలో ఇంటర్నెట్‌లో ఉచితంగా కనిపిస్తాయి. తీరా ఒకటి తెరిచి చూస్తే తల తిరుగుతుంది. ఒకే బొమ్మలో పదిహేను మంది, తలకో మాటల బుడగ, ఓ మూల ఆకుపచ్చ సంచి, ఇంకో మూల చీపురు. ఎవరు ఎవర్ని తిడుతున్నారో అంతు చిక్కదు.

దీనికి ఒక వరస ఉంది. నన్నడిగితే బొమ్మ మధ్య నుంచి కాదు, అంచు నుంచి మొదలుపెట్టండి. ఎవరు అమ్మారు, ఏ తేదీన అమ్మారు, వాళ్లకు డబ్బు ఎటునుంచి వచ్చింది అన్నది తేలాకే బొమ్మలోకి వెళ్లాలి. రాణి తప్పు చేసిందా లేదా అన్న ప్రశ్నకు ఈ కాగితాల్లో జవాబు వెతక్కండి, దొరకదు.

ముందుగా తేదీల చీటీ ఒకటి రాసుకోండి

పక్కన ఒక చీటీ లేకుండా ఈ పని సాగదు. 1820లో నెలకో మలుపు తిరిగింది కాబట్టి, బొమ్మ జూన్‌దా నవంబరుదా అన్నదాన్ని బట్టి అర్థం మారిపోతుంది.

పాత కథ కొంచెం కావాలి. జార్జ్ యువరాజుగా ఉన్నప్పుడే, 1785లో, మరియా ఫిట్జ్‌హర్బర్ట్ అనే ఆమెను రహస్యంగా పెళ్లి చేసుకున్నాడు. చట్టం ఆ పెళ్లిని ఒప్పుకోలేదు. నెత్తి మీద అప్పులు. పెళ్లి చేసుకుంటే అప్పులు తీరతాయన్న ఆశతో 1795 ఏప్రిల్ 8న మేనత్త కూతురు కరోలిన్‌ను కట్టుకున్నాడు. పెళ్లి పీటల దగ్గరికి తాగి వచ్చాడని అప్పట్లోనే అందరికీ తెలుసు. 1796 జనవరిలో కూతురు షార్లెట్ పుట్టింది, ఆ ఏడాదే ఇద్దరూ విడిపోయారు. 1806లో రాణి నడవడి మీద ఒక రహస్య విచారణ జరిగింది. 1814లో ఆమె దేశం వదిలి వెళ్లింది. ఇటలీలో బార్తొలొమెయో పెర్గామి అనే నౌకరును చేరదీసి, పెద్ద పదవికి ఎక్కించింది. 1817లో కూతురు కాన్పులో పోయింది. మరుసటి ఏడాది మిలాన్‌కు ఒక కమిషన్ వెళ్లి, రాణికి వ్యతిరేకంగా సాక్ష్యాలు పోగు చేసింది.

ఇక అసలు చీటీ ఇది. 1820 జనవరి 29న మూడో జార్జ్ చనిపోయాడు. ఏడాదికి 50,000 పౌండ్లు ఇస్తాం, రాణి అన్న పేరు వదిలి విదేశాల్లోనే ఉండిపో అంటే కరోలిన్ ఒప్పుకోలేదు. జూన్ 5న డోవర్‌లో దిగింది. ఆ మర్నాడే సాక్ష్యాలు నింపిన ఆకుపచ్చ సంచులు పార్లమెంటు ఉభయ సభల ముందుకొచ్చాయి. జూలై 5న రాణి హోదా తీసేసి, పెళ్లి రద్దు చేసే బిల్లు పెట్టారు. ఆగస్టు 17న ప్రభువుల సభలో విచారణ మొదలైంది. నవంబర్ 10న బిల్లును మూడోసారి చదివాక జరిగిన ఓటింగ్‌లో బిల్లుకు 108, వ్యతిరేకంగా 99 వచ్చాయి. తొమ్మిది ఓట్ల మెజారిటీతో కింది సభకు పోతే పరువు పోతుందని ప్రధాని లివర్‌పూల్ బిల్లు వెనక్కి తీసుకున్నాడు. లండన్‌లో రాత్రుళ్లు కిటికీల నిండా దీపాలు పెట్టారు. 1821 జూలై 19న రాజు పట్టాభిషేకం జరుగుతుంటే రాణిని వెస్ట్‌మినిస్టర్ అబ్బే తలుపు దగ్గరే ఆపేశారు. ఆగస్టు 7న ఆమె చనిపోయింది. వారం తర్వాత శవయాత్రలో సైనికులు కాల్పులు జరిపారు, ఇద్దరు చనిపోయారు.

వెతికేటప్పుడు

బ్రిటిష్ మ్యూజియం వెబ్‌సైట్‌లో ‘కలెక్షన్’ విభాగం అన్నిటికన్నా మేలు. కరోలిన్ పేరు కొట్టి, తేదీల దగ్గర 1820 నుంచి 1821 అని పెట్టండి. తేదీ పెట్టకపోతే ఒక చిక్కుంది. రెండో జార్జ్ భార్య పేరు కూడా కరోలినే, ఆమె 1737లో పోయింది. ఇద్దరూ కలిసిపోయి వస్తారు. బ్రన్స్‌విక్ అని కలిపితే మన రాణి దొరుకుతుంది. పెర్గామి కోసం వెతికితే బెర్గామి అని కూడా కొట్టాలి, లండన్ పత్రికలు చాలావరకు ఆ స్పెల్లింగే రాశాయి.

బొమ్మ తెరిచాక వెంటనే జూమ్ చేయకండి, కిందికి దిగండి. ‘క్యురేటర్ కామెంట్స్’ అన్నచోట డొరొతీ జార్జ్ అనే పరిశోధకురాలు రాసిన వివరణ ఉంటుంది. మ్యూజియంలోని వ్యంగ్య చిత్రాల కేటలాగులో 1820–27 భాగాన్ని ఆమె 1952లో అచ్చు వేసింది. బుడగల్లోని చిన్నక్షరాల మాటలను కూడా ఆమె విడమరిచి రాసింది కాబట్టి సగం శ్రమ తగ్గుతుంది. ఎవరీ లావు మనిషి, ఎవరీ బూట్ల మనిషి అన్నది అక్కడే తేలుతుంది. అలాగని అక్కడే ఆగిపోకండి. ఆమె వివరణ చదివేశాక మళ్లీ బొమ్మ చూస్తే, ఆమె చెప్పనివి కూడా కనబడతాయి.

పాటల కాగితాలకు ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ లైబ్రరీ వారి బ్రాడ్‌సైడ్ బల్లాడ్స్ సైటు చూడండి. యేల్ యూనివర్సిటీ వారి లూయిస్ వాల్‌పోల్ లైబ్రరీలో బొమ్మలు పెద్ద సైజులో ఉంటాయి. ఒకే బొమ్మ రెండు చోట్లా ఉంటే రెండూ తెరిచి పెట్టుకోండి. రంగులు చేత్తో వేసినవి కాబట్టి కాపీకి కాపీకి తేడా వస్తుంది.

అడుగున ఉన్న సన్నని లైను చదవండి

బొమ్మ కింద, దాన్ని చెక్కి అచ్చు తీసిన రాగి రేకు అంచున, చీమల బారులాంటి అక్షరాలు ఉంటాయి. ప్రచురించినవాడి పేరు, వీధి, ఇంటి నంబరు, తేదీ అక్కడే. ఇది వాళ్ల సరదా కాదు. 1735 నాటి చట్టం ప్రకారం, బొమ్మ మీద యజమాని పేరూ తేదీ చెక్కితేనే కాపీ కొట్టినవాడి మీద కేసు వేయడానికి వీలుంటుంది. ఆ చట్టం పుణ్యమా అని రెండు వందల ఏళ్ల తర్వాత మనకు బొమ్మ పుట్టినరోజు తెలుస్తోంది. వీధి పాటల కాగితాల మీద తేదీ దాదాపు ఉండదు, ముద్రించినవాడి పేరూ అడ్రసూ మాత్రం ఉంటాయి. 1799లో రహస్య సంఘాల మీద వచ్చిన చట్టం అచ్చు కాగితం మీద ముద్రాపకుడి చిరునామా ఉండాలని పట్టుబట్టింది.

ఆ చిరునామాతోనే తేదీ లాగొచ్చు. సెవెన్ డయల్స్ పేటలో జాన్ పిట్స్ అనే ముద్రాపకుడు 1819 వరకు గ్రేట్ సెయింట్ ఆండ్రూ వీధిలో 14వ నంబరులో ఉన్నాడు, ఆ తర్వాత 6వ నంబరుకు మారాడు. తేదీ లేని పాట మీద 6 అని కనిపిస్తే, అది మన గొడవ కాలానిదై ఉండే అవకాశం ఉంది. 14 అయితే అంతకు ముందుదే.

అచ్చు వేసి అమ్మినవాళ్లలో ఈ పేర్లు గుర్తుంచుకుంటే చాలు: సెయింట్ జేమ్స్ వీధి 27వ నంబరులో జార్జ్ హంఫ్రీ, పికడిల్లీలో ఫోర్స్, లడ్‌గేట్ హిల్ 45లో విలియం హోన్, మన్మత్ కోర్ట్‌లో జేమ్స్ కాట్‌నాక్. మొదటి ఇద్దరిదీ డబ్బున్న పేట. కాట్‌నాక్‌ది బీదల పేట, పెన్నీ సరుకు.

ఏ రకం కాగితమో తేల్చుకోండి

రాగి రేకు మీద ఆమ్లంతో గీసిన ఎచింగ్ ఒక రకం. గీతలు సన్నగా ఉంటాయి, చేత్తో రంగు పూస్తారు. రంగు లేనిదైతే ఒక షిల్లింగ్, రంగుదైతే రెండు అన్నది మామూలు రేటు. కూలివాడు కొనే సరుకు కాదు, షాపు అద్దంలో నిలబడి చూసే సరుకు. జనం ఆ అద్దాల ముందు గుంపులుగా మూగేవారు. కాబట్టి, అమ్ముడైన కాపీల కన్నా చూసిన కళ్లు చాలా ఎక్కువ.

రెండోది చెక్క బ్లాకు బొమ్మలున్న చిన్న పుస్తకం. చెక్క బ్లాకు, సీసపు అక్షరాలు ఒకే ఎత్తులో ఉంటాయి కాబట్టి రెండింటినీ కలిపి ఒకేసారి అచ్చు కొట్టొచ్చు. వేలల్లో వేయడానికి అదే పనికొస్తుంది. మూడోది ఒకే కాగితం మీద పాటో, వార్తో, ఎగతాళి నాటకం పోస్టరో. దాని మీద బొమ్మను చూసి మోసపోకండి. కాట్‌నాక్ లాంటివాళ్ల దగ్గర పాత చెక్క బ్లాకులు బుట్టల్లో పడి ఉండేవి. ఎవరో తెలియని ఒకావిడ బొమ్మను తీసి రాణి పాట మీద వేసేసేవారు. అక్కడ ముఖం పోలికలు వెతకడం టైమ్ వేస్ట్.

గుర్తులు పట్టుకోండి

ఆకుపచ్చ సంచి ఉంటే మిలాన్ సాక్ష్యాల గురించే. చీపురు ఉంటే రాణి తరఫు లాయరు హెన్రీ బ్రూమ్, పేరుకీ చీపురుకీ ఇంగ్లిష్‌లో పలకడం ఒకటే. జలగ ఉంటే మిలాన్ కమిషన్ వెనక ఉన్న జడ్జి లీచ్, అదీ పేరు మీద ఆటే. గుబురు మీసాలూ చెంపల మీద దట్టమైన జుట్టూ ఉన్న పొడుగు మనిషి పెర్గామి. చేతిలో ఎనిమా గొట్టం పట్టుకున్నవాడు హోం మంత్రి సిడ్‌మత్. వాళ్ల నాన్న వైద్యుడు, అందుకని జీవితాంతం అతన్ని డాక్టరనే ఏడిపించారు. చైనా దుస్తుల్లో లావుపాటి మనిషి రాజే, బ్రైటన్‌లో అతను కట్టించుకున్న భవనం లోపలంతా చైనా అలంకారం. రాజు పక్కన బొద్దుగా ఇంకో ఆవిడ ఉంటే అప్పటి ప్రియురాలు లేడీ కనింగ్‌హామ్. ఓడ మీద డేరా కనిపిస్తే, రాణీ పెర్గామీ ఒకే డేరాలో పడుకున్నారన్న సాక్ష్యం గుర్తు.

“నాన్ మి రికార్డో” అని ఇటాలియన్‌లో రాసి ఉంటే, అది మజోక్కి మాట. రాణి దగ్గర పాత నౌకరు అతను, రాజు తరఫు సాక్షి. బ్రూమ్ అడ్డు ప్రశ్నలు వేస్తుంటే ప్రతిదానికీ ‘నాకు గుర్తు లేదు’ అనేవాడు. వారాల్లో ఆ మాట లండన్ వీధుల్లో ఊతపదమైపోయింది. హోన్ ఆ పేరుతోనే ఒక పుస్తకం వేసి, బోనులో మజోక్కికి బదులు రాజునే నిలబెట్టాడు.

ఒక బొమ్మను దగ్గరగా చూద్దాం

1820 జూన్ 23 తేదీతో హంఫ్రీ షాపు వేసిన రెండు సంచుల బొమ్మ తీసుకోండి. పక్కపక్కన రెండు ఉబ్బిన ఆకుపచ్చ సంచులు, ఒకదాని మూతిలోంచి రాజు తల, ఇంకోదాన్లోంచి రాణి తల. పైన రాసింది షెరిడన్ ‘డ్యుయెన్నా’ నాటకంలోని పాట ముక్క: ప్రకృతే కలిపిన ఇలాంటి జంటను ఎక్కడా చూడలేదు అని. బుడగలు లేవు, గుంపు లేదు, అందుకే మొదటి పాఠానికి ఇది బాగుంటుంది.

ఇప్పుడు చీటీ తీయండి. సంచులు సభకు వచ్చింది జూన్ 6న. అంటే రెండున్నర వారాల్లో సంచి ఎంత వాడుక గుర్తైపోయిందంటే, ఏ వివరణా అక్కర్లేకుండా రాజుకు ఒళ్లుగా తొడిగేశారు. సాక్ష్యాల సంచి రాణి మీదే ఎందుకు, రాజు బాగోతం నింపితే అదీ అంతే లావవుతుంది కదా అన్నది ఎత్తిపొడుపు. ఇది రాణిని పొగిడే బొమ్మ కూడా కాదు. ఇద్దరూ ఇద్దరే అంటోంది. కొన్నవాళ్లలో రెండు పక్షాలవాళ్లూ ఉంటారని హంఫ్రీకి తెలుసు.

గీసినవాడు జార్జ్ క్రూక్‌షాంక్ అని లెక్క. ఇక్కడ అసలు రుచి ఉంది. అదే జూన్ 19న, రాజును ‘అనైతికమైన స్థితిలో’ గీయనని మాటిచ్చి క్రూక్‌షాంక్ 100 పౌండ్లు పుచ్చుకున్నట్టు రసీదు ఉంది. నాలుగు రోజులకే ఈ సంచులు. మాట తప్పాడా అంటే, సంచిలో కూర్చోవడం అనైతికం కాదని వాదించొచ్చు! రాజు మనుషులు అలా చాలామందికి డబ్బిచ్చి రేకులు కొనేశారు, నోళ్లు మూయించారు. దాని ఫలితం తలకిందులైంది: బెదిరిస్తే డబ్బొస్తుందని తెలిసి కొత్త బొమ్మలు ఇంకా పుట్టాయి.

హోన్ నిచ్చెన

అదే క్రూక్‌షాంక్ ఆగస్టులో హోన్ కోసం గీసిన ‘క్వీన్స్ మాట్రిమోనియల్ లాడర్’ చూడకుండా ఈ పని పూర్తి కాదు. చిన్న పుస్తకం, దాంతోపాటు అట్టతో చేసిన బొమ్మ నిచ్చెన, రెండూ కలిపి ఒక షిల్లింగ్. పద్నాలుగు మెట్లు. క్వాలిఫికేషన్‌తో మొదలై డిక్లరేషన్, యాక్సెప్టేషన్, ఆల్టరేషన్ అంటూ ఎక్కి, దేశం విడిచే ఎమిగ్రేషన్, అక్యుజేషన్ దాటి, కరోనేషన్ దాకా పోయి డిగ్రడేషన్‌తో దిగుతుంది. మొదటి మెట్టులో యువరాజు తాగి కుర్చీలో పడి ఉంటాడు. పెళ్లికి అతని అర్హత అదన్నమాట.

దీన్ని చదివేటప్పుడు ప్రతి మెట్టునూ మీ చీటీ పక్కన పెట్టి ఏ ఏడాదో రాయండి. పాతికేళ్ల కాపురాన్ని మెట్లకింద కుదించడంలో హోన్ ఏం దాటేశాడో అప్పుడు తెలుస్తుంది. రాణి ఇటలీ జీవితం గురించి ఎంతవరకు చెప్పాడో ప్రత్యేకంగా చూడండి.

హోన్‌కు ఇంత ధైర్యం ఎక్కడిదంటే, 1817 డిసెంబరులో మత గ్రంథాల పేరడీలు వేశాడని మూడు రోజుల్లో మూడు కేసులు నడిపారు. మూడింటిలోనూ జూరీ వదిలేసింది. ఆ దెబ్బతో, పేరడీ మీద కేసు పెడితే కోర్టులో ఆ పేరడీనే గట్టిగా చదివి వినిపించాల్సి వస్తుంది, జనం నవ్వుతారు అని ప్రభుత్వానికి తెలిసొచ్చింది. 1820లో హోన్ జోలికి పోలేదు.

ఏ పక్షమో తేల్చండి, తేదీ చూసి

1820 బొమ్మల్లో ఎక్కువ భాగం రాణి వైపే. రాణి మీద ప్రేమ కొంత, రాజు మీదా మంత్రుల మీదా కోపం చాలా. 1819 ఆగస్టులో మాంచెస్టర్‌లోని సెయింట్ పీటర్స్ మైదానంలో జనం మీద గుర్రపు దళం దూకింది (దాన్నే పీటర్లూ అంటారు), ఆ డిసెంబరులో సభల మీదా పత్రికల మీదా కఠిన చట్టాలొచ్చాయి. నేరుగా తిట్టలేని రోజుల్లో రాణి ఒక అవకాశంగా దొరికింది. ఆడవాళ్లు సంతకాలు చేసి పంపిన మద్దతు పత్రాల వరస కూడా ఇందులోదే.

1821 వచ్చేసరికి గాలి మారింది. 1820 డిసెంబరులో థియొడోర్ హుక్ ‘జాన్ బుల్’ అనే వారపత్రిక పెట్టి రాణినీ ఆమె ఇంటికి వెళ్లే ఆడవాళ్లనూ ఉతికి ఆరేశాడు. హంఫ్రీ కూడా అటు తిరిగాడు. థియొడోర్ లేన్ అనే కుర్రాడి చేత రాణినీ పెర్గామినీ స్నానపు తొట్టెల్లో, సోఫాల్లో గీయించి వరసగా వేశాడు. కాబట్టి హంఫ్రీ పేరు కనిపించగానే పక్షం తేలిపోయిందనుకోకండి. 1820 జూన్‌లో హంఫ్రీ వేరు, 1821లో వేరు. లేన్ బొమ్మల్లో గీత నాజూగ్గా ఉంటుంది, మాట మాత్రం పచ్చి బూతు. పిల్లలు పక్కనుంటే తర్వాత చూడండి.

పాటలను పాడుకుని చూడండి

మన సినిమా హాళ్ల బయట అమ్మిన పాటల పుస్తకాల్లాగే వీటిలోనూ స్వరం రాసి ఉండదు. కొన్నవాడికి ట్యూన్ ముందే వచ్చు, కావలసింది మాటలే. పైన ఫలానా పాట బాణీలో అని ఉంటే, ఆ పాత పాటను వెతికి వినండి. పాత పాట పెళ్లి పాటో, నావికుల పాటో, దేశభక్తి పాటో అయితే కొత్త మాటల్లో ఎగతాళి ఎక్కడుందో అప్పుడే తెలుస్తుంది. బాణీ ఇవ్వకపోతే వదిలేయండి, ఊహించి పెట్టొద్దు.

కొనాలనుకుంటే

లండన్ వేలాల్లోనూ ఆన్‌లైన్‌లోనూ ఇవి ఇప్పటికీ అమ్ముతారు. కొనే ముందు నాలుగు వైపులా అంచుల ఫొటో అడగండి. రాగి రేకు నొక్కిన పల్లం గీత కనిపించాలి. అంచులు కత్తిరించేసి ఉంటే ఆ పల్లంతోపాటు అడుగు లైను కూడా పోయి ఉంటుంది, ధర తగ్గాలి. కాగితాన్ని వెలుతురుకు పట్టిన ఫొటో అడగండి. 1794 తర్వాత ఇంగ్లండ్ మిల్లులు చాలావరకు వాటర్‌మార్క్‌లో ఏడాది వేసేవి. అడుగు లైనులో 1820 ఉండి వాటర్‌మార్క్‌లో దానికి చాలా తర్వాతి ఏడాది ఉంటే, పాత రేకు మీద మళ్లీ తీసిన కాపీ అన్నమాట. రంగును జూమ్ చేస్తే చుక్కలు చుక్కలుగా కనిపిస్తే ఈ కాలం ప్రింటర్‌ది. చేతి రంగు గీత దాటి కొంచెం పక్కకు పోయి ఉంటుంది. కాట్‌నాక్ పాటల కాగితాలకు విక్టోరియా కాలంలోనే నకళ్లు వేశారు, వాటితో ఇంకా జాగ్రత్త.

నోటు ఎలా రాసుకోవాలి

ప్రతి బొమ్మకూ మ్యూజియం నంబరు తప్పకుండా రాయండి. పేర్లు పొడుగు, ఒకే పేరుతో రెండు మూడు బొమ్మలుంటాయి. నంబరు లేకపోతే మళ్లీ దొరకదు. బ్రిటిష్ మ్యూజియం బొమ్మను మీ వ్యాసంలో పెట్టాలంటే వ్యాపారం కాని వాడకానికి ఉచితమే, మ్యూజియం పేరు చెప్పాలి. పుస్తకం వేసి అమ్మేటట్లయితే విడిగా అనుమతి తీసుకోవాలి.

సంచుల బొమ్మకు నోటు ఇలా ఉంటుంది: హంఫ్రీ, సెయింట్ జేమ్స్ వీధి 27. 1820 జూన్ 23, సంచులు సభకు వచ్చిన 17వ రోజు. క్రూక్‌షాంక్ గీసింది. ఎచింగ్, చేతి రంగు. ఇద్దర్నీ తిట్టింది, రాజునే కాస్త ఎక్కువ. తర్వాత చూడవలసింది: ఇదే షాపు 1821లో రాణి మీద వేసిన లేన్ బొమ్మలు.